జీవశాస్త్రం: అందరికీ తెరిచిన ఆన్‌లైన్ ఖజానాలు

పోటీ పరీక్షల సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగంలో జీవశాస్త్ర డేటాబేస్‌లను చాలామంది వదిలేస్తుంటారు. వదలకూడని అంశమిది. ముందుగా చదవాల్సింది ప్రోటీన్ డేటా బ్యాంక్ గురించి. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో 7 ప్రోటీన్ల నిర్మాణాలతో మొదలైన ఈ భాండాగారంలో నేడు 2 లక్షలకు పైగా నిర్మాణాలున్నాయి, అదీ పూర్తి ఉచితంగా. హిమోగ్లోబిన్‌ను తెరపై అటూ ఇటూ తిప్పి, ఆక్సిజన్ ఎక్కడ బంధం ఏర్పరుస్తుందో ఇంటర్ విద్యార్థి కూడా చూడవచ్చు. పుస్తకంలోని బొమ్మతో ఇంత స్పష్టత రాదు.

ఈ డేటాతోనే శిక్షణ పొంది, ప్రోటీన్ల నిర్మాణాలను అంచనా వేసే కృత్రిమ మేధ ఆల్ఫాఫోల్డ్. దాని రూపకర్తలు డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లు 2024 నోబెల్‌లో సగం పంచుకున్నారు. మిగతా సగం డేవిడ్ బేకర్‌ది. బహుమతి రసాయనశాస్త్రంలో వచ్చింది, వైద్యశాస్త్రంలో కాదు. తికమక పెట్టే ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

జన్యుక్రమాలకు ఆధారం 1982 నాటి జెన్‌బ్యాంక్. దాన్ని నిర్వహించే అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ 1988లో ఏర్పడింది. జపాన్, ఐరోపా డేటాబేస్‌లతో జెన్‌బ్యాంక్ సమాచారాన్ని నిత్యం ఇచ్చిపుచ్చుకుంటుంది. మన దేశంలో ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ 2022 నవంబరులో ఫరీదాబాద్‌లో ప్రారంభమైంది. ప్రజాధనంతో సాగే పరిశోధనల డేటాను దేశంలోనే భద్రపరచడం దీని లక్ష్యం. ఇది ఎప్పుడో రావాల్సిన సంస్థ.

ఇక ఆన్‌లైన్ బోధన వేదికల్లో స్వయం, దీక్ష రెండూ 2017లో మొదలయ్యాయి. తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు దీక్ష పాఠాలకు దారితీస్తాయి. ప్రయోగాల సాధనకు సీ-డాక్, అమృత విశ్వవిద్యాపీఠం కలిసి రూపొందించిన ఓల్యాబ్స్ ఉంది.