పాత గ్యాసు పొయ్యి - బర్నరు సంరక్షణ

1999లో ఆరంభమైన దీపం పథకము వలన మన రాష్ట్రమున పేద ఇండ్లకు గ్యాసు పొయ్యిలు వచ్చినవి. బత్తలపల్లె పంచాయతీ సభ్యులు పాత పొయ్యిల మంటను గమనింపవలెనని కోరుచున్నాము.

మంట నీలముగా నుండవలెను. పొంగిన పాలు, మెట్టప్రాంతపు దుమ్ము బర్నరు రంధ్రములను మూసినచో మంట పసుపుబారును, గిన్నెలు మసిబారును, గ్యాసు వృథా యగును. కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడి, తలుపులు మూసిన వంటింట ప్రాణాపాయము కలుగవచ్చును.

రెగ్యులేటరు ఆపి, బర్నరు చల్లారిన పిదప బ్రష్షుతో శుభ్రపరచి ఆరబెట్టవలెను. రంధ్రములు అరిగి వెడల్పయినచో ఆ పొయ్యికి సరిపడు కొత్త బర్నరును మెకానిక్కుచే వేయింపవలెను. జెట్టును సూదితో పొడిచి పెద్దది చేయరాదు. గ్యాసు వాసన వచ్చినచో దీపమును, స్విచ్చును ముట్టక, తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయవలెను.

ఈ సంగతులను గ్రామసభలో గృహిణులకు వివరింపుడు.