మేట్టుపాళయంలో వాన వెలిశాక బ్రేకు సంగతి

యానాం నుంచో కాకినాడ నుంచో పుదుచ్చేరికి బతుకుదెరువు కోసం వచ్చిన పికప్ డ్రైవరుకు ముందు వానల లెక్క మారుతుంది. గోదావరి వరద జులై, ఆగస్టుల్లో వస్తుంది. యానాం వీధులు 2022 జులైలో మునిగింది అలాగే. ఇక్కడ ముంచేది ఈశాన్య రుతుపవనం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో 24 గంటల్లో 46 సెంటీమీటర్ల వాన పడింది. అంతకుముందు రికార్డు 2004 అక్టోబరు 31 నాటి 21 సెంటీమీటర్లు. కృష్ణా నగర్‌లో జనాన్ని బయటికి తేవడానికి సైన్యమే దిగింది.

మేట్టుపాళయం పారిశ్రామికవాడలో సరుకెత్తుకుని ఊళ్లోకి వెళ్లే బండ్లు చాలావరకు బొలెరో పికప్, దోస్త్, యోధ లాంటివి. ముందు చక్రాలకు డిస్క్, వెనక డ్రమ్. ఇందిరా గాంధీ కూడలిలో గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి. దాటి వచ్చాక అందరూ అడిగేది ఇంజన్ గురించే. బ్రేకు మాట ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే అది ఆ రోజు మొరాయించదు. వారం తర్వాత మొదలుపెడుతుంది.

డిస్క్ పోత ఇనుము. తడి డిస్క్‌కు ప్యాడ్ ఆనుకుని బండి రెండు మూడు రోజులు కదలకుండా నిలిస్తే, ప్యాడ్ కింద ఉన్నంత మేర తుప్పు మచ్చ కడుతుంది. ఆ మచ్చ దగ్గర పట్టు వేరు, అరుగుదల వేరు. క్రమంగా డిస్క్ మందం ఒక్కోచోట ఒక్కోలా తయారవుతుంది. మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల తేడా చాలు, బ్రేకు తొక్కినప్పుడు పెడల్ కాలిని తన్నడానికి, స్టీరింగ్ వణకడానికి. షెడ్డులో దీన్నే ‘డిస్క్ వంగింది’ అంటారు. కాగుతున్న డిస్క్ ఒక్కసారిగా చన్నీళ్లలో దిగితే నిజంగా వంగడమూ ఉంది కానీ, వంకర పేరు మీద మార్చేసిన డిస్కుల్లో ఎన్నో అసలు వంగినవి కావు.

అందుకే కొలవమనాలి. డయల్ గేజ్ పెడితే వంకర, మైక్రోమీటర్ పెడితే మందం తెలుస్తాయి. కనీస మందం సాధారణంగా డిస్క్ మీదే పోతపోసి ఉంటుంది. అంతకు తగ్గేలా ఉంటే లేత్ పట్టించడం దండగ, ప్రమాదం కూడా. తమిళం రాకపోయినా ఫర్వాలేదు, ‘అన్నా, బ్రేక్ పిడిక్కల, స్టీరింగ్ ఆడుదు’ (బ్రేకు పట్టడం లేదు, స్టీరింగ్ ఊగుతోంది) అంటే సగం పని అయినట్టే. క్యాలిపర్ పిన్నుల రబ్బరు తొడుగులు చిరిగాయేమో కూడా చూపించాలి. నీరు చేరి పిన్ను బిగుసుకుంటే ఒక ప్యాడే అరుగుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. గీరిన చప్పుడొస్తే డిస్క్ వెనక రేకులో ఇరుక్కున్న గులకరాయి కావచ్చు.

సముద్రపు గాలికి రాత్రికి రాత్రే డిస్క్ మీద కనిపించే పల్చటి ఎర్ర పొర వేరే సంగతి. పొద్దున నాలుగు బ్రేకులకే పోతుంది, దానికి కంగారు అక్కర్లేదు.

వెనక డ్రమ్ మరో రకం. లోపల చేరిన నీరు త్వరగా పోదు. నీళ్లు దాటగానే ఖాళీ రోడ్డు చూసుకుని, నెమ్మదిగా నడుపుతూ పెడల్‌ను తేలిగ్గా పలుమార్లు నొక్కి ఆరబెట్టాలి. ఆ రాత్రి హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే తడి లైనింగ్ తుప్పుతో డ్రమ్‌కు అతుక్కుపోవచ్చు. చదును చోట గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టడం మేలు. హబ్ మునిగేంత నీళ్లయితే వెనక యాక్సిల్ ఆయిల్ కూడా చూడాలి. పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను ఏళ్ల తరబడి పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 205 డిగ్రీలు, తేమ పట్టాక 140. చదునైన పుదుచ్చేరిలో ఈ తేడా బయటపడదు. లోడుతో ఏర్కాడు ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడి బయటపడుతుంది.

ఇక బీమా. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. సొంత నష్టం పాలసీ ఉన్నా, మామూలుగా అరిగిన ప్యాడ్లు, డిస్కులు అందులోకి రావు. బండి నీళ్లలో ఉండగానే ఫోటోలు తీసి, కదిలించకముందే కంపెనీకి ఫోన్ చేయడం మంచిది.