బడి మొదలైంది, జలుబూ మొదలైంది

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. బాబుకి నాలుగేళ్లు, పాపకి తొమ్మిది నెలలు నిండాయి. జూన్‌లో వాణ్ణి ఎల్బీనగర్‌లో బడిలో వేశాం. అప్పట్నుంచీ నెలనెలా జలుబే, వాడి నుంచి పాపకి. ఏడాదంతా ఇంతేనా డాక్టర్ గారూ?

జవాబు: బెంగపడకమ్మా. ఈ వయసు పిల్లలకి ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే. బడికెళ్లిన మొదటి ఏడు ఇంకాస్త ఎక్కువ కూడా. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. పోయినసారి మిగిలిన సీసా మళ్లీ తీయొద్దు. ఏడాది నిండేదాకా పాపకి తేనె నాకించొద్దు.

మీరు చూడాల్సింది ఊపిరి. నిద్రలో ఉండగా చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పాపకి 50, బాబుకి 40 చేరినా, డొక్కలు ఎగరేస్తున్నా, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పాపకి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా మొదటి డోసు ఇప్పుడే వేయించాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. కాస్త జలుబుందని వాయిదా వేయకండి. రెండోది 16-24 నెలల మధ్య.

వానాకాలంలో దోమల విషయంలో అందరూ సరూర్‌నగర్ చెరువునే తిడతారు గానీ, నా భయం మీ బాల్కనీలో కూలర్ అడుగున నిలిచిన నీళ్ల గురించి. డెంగీ దోమ అలాంటి తేటనీళ్లలోనే పుట్టి, పగలే కుడుతుంది. వారానికోసారి వంచేసి, గోడలు రుద్ది ఆరబెట్టండి.