బరువైన బండ కదలదా?

బేతంచెర్ల నాపరాళ్ళు తెలియని వారు మనలో అరుదు. సేద్యం పనుల్లేని ఎండాకాలంలో మా ఊళ్ళవాళ్ళు వాటిని ట్రాక్టరు ట్రాలీలకెక్కించే కూలికి పోతారు. “బరువైన బండ యాడికీ కదల్దు, దానిమింద కూచోరా” అంటారు. న్యూటన్ ఒప్పుకోడు. లెక్క చూద్దాం.

ట్రాలీ గంటకు 18 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 5 మీటర్ల చొప్పున పోతూ గుంతలో దిగబడి అర సెకనులో ఆగిందనుకోండి. 80 కిలోల బండ దానితోపాటే ఆగాలంటే 800 న్యూటన్ల బలం కావాలి. బండల మధ్య ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే ఘర్షణ ఇవ్వగలిగేది 400 మాత్రమే. కాబట్టి బండ ముందుకు జారుతుంది. దాన్నెవరూ తోయలేదు, జడత్వం వల్ల తన దారిన తాను పోతోంది, అంతే.

మరి 40 కిలోల బండ? కావలసింది 400, దొరికేది 200. అదీ జారుతుంది! ద్రవ్యరాశి రెండువైపులా ఉంది గనుక కొట్టుకుపోయింది. అదే ట్రాలీ రెండు సెకన్లలో నిదానంగా ఆగితే 80 కిలోల బండకు 200 న్యూటన్లు చాలు, కదలదు.

తక్కువపడిన 400 న్యూటన్లు మోకుతాడు ఇవ్వాలి. తాడు కట్టకుంటే ముందు కూర్చున్న కూలివాని వీపు ఇస్తుంది. పాలిష్ ఫ్యాక్టరీ బురద ఆరని బండలకైతే ఆ 0.5 కూడా ఉండదు.