వెబ్ పుటలలో బొడ్రాయి

విద్యార్థులారా! మీలో ననేకులు పల్లెలనుండి వచ్చువారు. క్రొత్తవాడొకడు మీ యూరికి వచ్చి యొక యిల్లు చూపుమని యడిగినచో మీరు మూడు విధములుగా జెప్పవచ్చును. "ఇదిగో, ఈ ప్రక్క యిల్లే" అనుట యొకటి. "బొడ్రాయికి తూర్పున మూడవ యిల్లు" అనుట రెండవది. "గిద్దలూరులో, బొడ్రాయికి తూర్పున మూడవ యిల్లు" అనుట మూడవది. మొదటి మాట, వినువాడు నిలిచిన చోటునుబట్టి మాఱును. రెండవది యూరిలో నే వీధిలో నిలిచి విన్నను మాఱదు గాని, ఊరు మాఱినచో మాఱును. మార్కాపురమున విన్నవాడు మార్కాపురపు బొడ్రాయినే వెదకును. మూడవది యెక్కడ విన్నను నొక్కటియే.

వెబ్ పుటలలోని లంకెలును నీ మూడు తెఱగులవే. పూర్తి చిరునామాలో పద్ధతి పేరు, సర్వరు పేరు, దారి యను మూడు భాగములు ముఖ్యములు. స్లాష్ (/) అను వాలుగీతతో మొదలగు లంకె రెండవ తెఱగునకు జేరినది. దీనిని రూట్ రిలెటివ్ దారి యందురు. సర్వరు మొదటి మెట్టే దీనికి బొడ్రాయి.

బ్రౌజరు దారిని నిర్ణయించు విధమిది. మీరు చూచుచున్న పుట దారి "/పాఠములు/గణితము/మొదటిది" అనుకొనుడు. అందులో "రెండవది" అను లంకె యున్నచో, బ్రౌజరు కడపటి వాలుగీత తరువాతి మాటను తీసివేసి, "/పాఠములు/గణితము/రెండవది" అని చేర్చుకొనును. "../చరిత్ర" అని యున్నచో నొక మెట్టు పైకెక్కి "/పాఠములు/చరిత్ర" చేరును. "/పటములు/పలక" అని యున్నచో, పద్ధతిని సర్వరు పేరును మాత్రముంచుకొని, పాత దారి నంతయు విడిచి, క్రొత్త దారిని పెట్టును. ఈ నియమములు 2005 జనవరిలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 3986 అను పత్రమునందు వివరింపబడినవి.

దీని ప్రయోజనమునకు తెలుగు వికీపీడియా మంచి నిదర్శనము. 2003 డిసెంబరులో నారంభమైన యా విజ్ఞానసర్వస్వమునందు వ్యాసముల నడుమ లంకెలు వాలుగీతతోడనే మొదలగును. కావున సర్వరు పేరును ప్రతి లంకెలో వ్రాయ నక్కఱలేదు. తెలుగు పుటలోని లంకె తెలుగు సర్వరులోనే, తమిళ పుటలోని లంకె తమిళ సర్వరులోనే వెదకును.

అయిన నిందొక చిక్కు కలదు. కొన్ని యేండ్ల క్రిందట నేనెఱిగిన యొక పాఠశాలలో పిల్లలు రుసుము తగ్గింపు దరఖాస్తుకై యొక వెబ్ అప్లికేషను చేసిరి. వారి కంప్యూటరులో నన్నియు చక్కగా నడచెను. పిమ్మట దానిని పెద్ద సర్వరులో "/శాల/" అను అరలో నుంచిరి. పుట తెఱచుకొనెను గాని పటములు కనబడలేదు. దరఖాస్తు పంపు మీట నొక్కినచో "404, దొరకలేదు" అని వచ్చెను. ఆ లంకెలు వాలుగీతతో మొదలై, "/శాల/"ను దాటి సర్వరు మొదటికే పోయినవి. గడువు కడపటి దినమున కూలిపని మానుకొని వచ్చిన తండ్రి యొకడు, తానే తప్పు నొక్కితినని తలచి మారుమాటాడక వెడలిపోయెను. మఱునాడు కారణము తెలిసి గడువు పొడిగించిరి గాని, అతని దినకూలి తిరిగి రాలేదు.

నివారణ మేమనగా, అప్లికేషను నుంచిన అర పేరును ఒక్కచోట మాత్రమే వ్రాసి, లంకెల నన్నిటిని దానినుండియే కట్టవలయును. అర మాఱినప్పుడు ఆ యొక్కచోట దిద్దిన చాలును. పుట తలభాగమున "బేస్" అను గుర్తు పెట్టిన చాలునని కొందఱు తలంతురు. అది వాలుగీత లేని లంకెలకు "/శాల/"ను జేర్చును గాని, వాలుగీతతో మొదలగు లంకెకు జేర్చదు. ఏలయన, అట్టి లంకె దారి నంతయు విడిచి మొదటినుండి లెక్కించునని పైన జెప్పితిమి గదా!

కాబట్టి మీరు పుట కట్టునపుడు మీ కంప్యూటరులో నడచినదని తృప్తిపడక, వేఱొక అరలో నుంచి ప్రతి లంకెను నొక్కి చూడుడు. దారి తప్పినపుడు నష్టపడువాడు దారి వ్రాసినవాడు కాడు; దానిని నమ్మి నడచినవాడు.