బుద్ధికి ఎన్ని కొమ్మలు?

ఫ్రెండ్స్, వీడియోలో గీత 2వ అధ్యాయం 41వ శ్లోకం చూశాం కదా. నిశ్చయం ఉన్నవాడి బుద్ధి ఒక్కటే. లేనివాడిదైతే ఎన్నో కొమ్మలుగా చీలిపోతుందని కృష్ణుడి మాట. నా కొమ్మలు రాయదుర్గం మెట్రో దిగకముందే మొదలు: స్లాక్, మెయిల్, స్టాండప్. పోయిన నెల అందరికీ వెంటనే రిప్లై ఇచ్చాను, నా రిలీజ్ మాత్రం ఆగిపోయింది. అమ్మ ఫోన్ కూడా ఎత్తలేదు.

టీమ్‌లో ఒక క్రిస్టియన్ ఫ్రెండ్ లూకా సువార్త 10వ అధ్యాయంలోని మార్త కథ చెప్పాడు. యేసు ఇంటికొస్తే, వడ్డనల హడావుడిలో ఆమెకు ఆయన మాట వినే తీరికే లేదు. సోదరి మరియ కూర్చుని వింది. మార్త చేసిందీ మంచి పనే కదా, అందుకే నాకు గుచ్చుకుంది.

ఇప్పుడు లాగిన్ కాకముందే ఆ రోజు ముఖ్యమైన పని ఒక్కటి కాగితం మీద రాసుకుంటున్నా. 11 దాకా నోటిఫికేషన్లు ఆఫ్. నిన్న మాత్రం పదింపావుకే ఆన్ చేసేశా.