ఉప్పునీళ్లకు ఏ గీజర్, ఏ వాల్వులు?

ప్రశ్న: మాది మైపాడు దగ్గర ఊరు. బోరు నీళ్లు ఉప్పు. గీజర్ ట్యాంకు తుప్పుపట్టి కారుతోంది. కొత్తది పెడుతున్నాం. పాత వాల్వులే వాడుకోవచ్చా?

జవాబు: వద్దండీ. వాల్వులూ మార్చేయండి. పాత ఇత్తడి వాల్వును గోకి చూడండి. లోపల పసుపు పోయి రాగిలా ఎర్రబడి ఉంటే ఉప్పు అందులోని జింకును తినేసినట్టే. అలాంటిది బిగించేటప్పుడే విరుగుతుంది.

గీజర్ విషయంలో స్టీలు ట్యాంకు అనగానే మురిసిపోకండి. 304 రకం స్టీలుకు ఉప్పునీళ్లలో సూదిమొనంత చిల్లులు పడతాయి. గ్లాస్ లైనింగ్ ట్యాంకు, అందులో మెగ్నీషియం రాడ్ ఉన్నదే తీసుకోండి. ట్యాంకుకు బదులు ఆ రాడ్ అరిగిపోతుంది. మన తీరంలో ఏడాదికోసారి విప్పించి చూడాల్సిందే. సన్నబడితే కొత్తది వేయించాలి.

చన్నీళ్లు లోపలికెళ్లే పైపుకు సేఫ్టీ వాల్వు తప్పనిసరి. దాని రేటింగు ట్యాంకు రేటింగును మించకూడదు: 8 బార్ ట్యాంకుకు 8 బార్. నీళ్లు వేడెక్కేటప్పుడు అది చుక్కలు కారుస్తుంది, కారనివ్వండి. కారుతోందని బిరడా కొట్టేవాళ్లున్నారు, ప్రాణాల మీదికొస్తుంది! దానికీ గీజర్‌కూ మధ్య ఇంకే వాల్వూ ఉండకూడదు. నీళ్లు కట్టడానికి దానికంటే ముందు బాల్ వాల్వు పెట్టించండి, గేట్ వాల్వు సున్నం పట్టి బిగుసుకుపోతుంది. వేడినీళ్ల లైనుకు సీపీవీసీ పైపే వేయించండి. థర్మోస్టాట్ 55 డిగ్రీలు దాటించకపోతే సున్నం కూడా తక్కువ పేరుకుంటుంది.